గుండె, మూత్రపిండాలు – ఒకే కథ
(అనంతపురం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ హక్కు అనుభవించాలంటే ఆరోగ్యం ఉండాలి కదా! అందుకే ఈ నాలుగు మాటలు.

ముప్పై ఏళ్ళు వైద్యశాఖలో ఇతరుల రక్తం పరీక్షించిన నేను, నా రక్తం పరీక్షించుకోలేదు. రిటైరయ్యాక మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో బిళ్ళలు కొని ఏడాదిపాటు మింగాను. ఒక వేసవిలో కాళ్ళు వాచాయి. చూస్తే క్రియాటినిన్ 2.1. గుండె కూడా చూపించుకోమన్నారు డాక్టరుగారు. "కిడ్నీకీ గుండెకీ ఏం సంబంధం సార్?" అన్నాను.

సంబంధం ఇదీ. బుక్కరాయసముద్రం చెరువు కట్టకు గండి పడితే ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మనకు తెలిసిందే. రక్తనాళానికి గాయమైతే రక్తం గడ్డకట్టి ఆ గండి పూడుస్తుంది. అదే గడ్డ నాళం లోపల ఏర్పడితే, తూముకు మట్టి అడ్డంపడినట్లే.

తెల్లరక్తకణాల మీద క్రిములను పసిగట్టే గ్రాహకాలుంటాయి. అవి మన కావలివాళ్ళు. వాటి గుట్టు విప్పిన బ్యూట్లర్, హాఫ్‌మన్‌లకు 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే పొగాకు, షుగరు, కిడ్నీ వడకట్టలేక వదిలేసిన మలినాలు కూడా ఈ కావలివాళ్ళను రెచ్చగొడతాయి. దొంగ లేకున్నా కేకలే! నాళాల లోపలి గోడ వాస్తుంది, కొవ్వు పేరుకుంటుంది. అది చిట్లినచోట రక్తం గడ్డకడితే గుండెపోటు. కిడ్నీలోని సన్ననాళాలు చెడితే మలినాలు పెరిగి, వాపు ఇంకా ఎక్కువవుతుంది. అందుకే కిడ్నీ జబ్బువాళ్ళలో చాలామంది డయాలిసిస్ దాకా పోకముందే గుండెజబ్బుతో పోతున్నారు.

గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కొలెస్టరాల్ తగ్గించకుండా వాపు తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే, మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి. కావలివాళ్ళను పూర్తిగా నిద్రపుచ్చరాదన్నమాట.

కనుక నా మనవి: లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే బీపీ, షుగరు, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. నొప్పి బిళ్ళలు సొంతంగా కొనకండి. మన ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి మరీ చేటు. డాక్టరు రాసిన ఆస్పిరిన్ మీ అంతట మీరు మానకండి, రాయకుండా మొదలుపెట్టకండి.

నా క్రియాటినిన్ ఇప్పుడు 1.6 దగ్గర నిలిచింది. పోయింది తిరిగి రాలేదు, మిగిలినదాన్ని కాపాడుకుంటున్నాను. మీరు పోగొట్టుకోకముందే కాపాడుకోండి.