పాత కిటికీ - క్రొత్త యిల్లు

నేడు నేను ముచ్చటింపబోవు వస్తువు మిక్కిలి సామాన్యమైనది. ప్రతి యింటను ఉన్నది. అయినను ఇల్లు కూలుదినము వచ్చువఱకు దానిని తలచువారు అరుదు. అది కిటికీ.

సంస్కృతమున దీనికి వాతాయనమనియు, గవాక్షమనియు పేళ్లు గలవు. మొదటిదానికి గాలి నడచు త్రోవయని అర్థము. రెండవదానికి గోవు కన్నని అర్థము. మన పూర్వులు కిటికీని గోడకు పడిన రంధ్రముగా గాక, ఇంటికి గల ఊపిరిగను కన్నుగను ఎంచిరని ఈ రెండు పేళ్లే చెప్పుచున్నవి. గుంటుపల్లి కొండలో క్రీస్తుకు పూర్వమే తొలిచిన బౌద్ధ చైత్యమును చూచినవారెరుగుదురు: కొయ్యకట్టడమునందలి వాసములను, కమానులను శిల్పులు రాతిలో మలచిరి. రాతిపనివానికి వడ్రంగియే గురువైనాడన్నమాట. అలంపురమున చాళుక్యులనాటి నవబ్రహ్మాలయములకు రాతి జాలకములు గలవు. హైదరాబాదులోని పైగా సమాధులయందు గచ్చుతో చేసిన జాలీలు నేటికిని ఎండను వడగట్టి లోనికి పంపుచున్నవి.

ఆ గొప్ప కట్టడముల మాట అటుండనిచ్చి మన యూళ్ల యిండ్లకు వత్తము. పాత భవంతి యింటి గోడ మూరెడు మందముండును. వీధివైపు కిటికీలు కొద్ది. నడుమ వాకిలివైపు వెలుతురు మెండు. కిటికీకి టేకు చట్రము, నిలువు ఇనుప ఊచలు, క్రింద రెండు రెక్కలు, పైన రెండు రెక్కలు. ఈ నాలుగు రెక్కల యేర్పాటు ఊరక చేసినది కాదు. క్రింది రెక్కలు మూసిన ఇంటిలోని మరుగు నిలుచును. పై రెక్కలు తెరచిన వెలుతురు వచ్చును. వేడిగాలి తేలికయై పైకి లేచునది గనుక ఆ దారినే వెలికి పోవును. వైశాఖమాసపు మధ్యాహ్నమున అన్నియు మూసి, సందెవేళ అన్నియు తెరచుట మన యాడువారికి వేరొకరు నేర్పిన విద్య కాదు.

ఇక చెంగిచెర్ల సంగతి. పేరులోనే చెరువును దాచుకొన్న ఊరిది. ఉప్పలు, నాచారము దాటి నగరము తూర్పునకు ప్రాకి వచ్చినది. పరిశ్రమలు వచ్చినవి, బస్సుల డిపో వచ్చినది, పొలములు ప్లాట్లైనవి, పెంకుటిండ్ల చోట అంతస్తులు లేచుచున్నవి. దీనిని తప్పనుటకు నాకు నోరు రాదు. పెరిగిన కుటుంబమునకు గదులు కావలయును. కారు పెంకులక్రింద వానకాలమెల్ల గిన్నెలు పెట్టుకొని బ్రదుకుమని యెవరును చెప్పరాదు. కాని ఇల్లు కూల్చుచోట ఒక నష్టము మనకు తెలియకయే జరుగుచున్నది. కూల్చువాడు తలుపులు, కిటికీలు, దూలములు అన్నియు కలిపి ఒక్క బేరముగా కొనిపోవును. ఇంటివారు దానిని పాతకొయ్యగా లెక్కింతురు. ఆ కిటికీయే నగరమున నూనె పట్టించుకొని మెరుగెక్కి, పురాతన వస్తువను పేరున అంగడిలో నిలుచును. అటుపై అద్దము బిగించుకొని యెవరి గోడకో అలంకారమగును. గాలి దాటని కిటికీ అది!

ఇంతకన్న మేలైన దారి కలదు. చెన్నపట్టణమునకు దక్షిణమున ముట్టుకాడువద్ద దక్షిణచిత్రయను ప్రదర్శనశాలను 1996లో తెరచిరి. దక్షిణదేశపు పాత యిండ్ల తీరులను అచట నిలిపియుంచిరి. వానిలో మన చౌటుప్పలుదాపు కొయ్యలగూడెపు చేనేతవారి యిల్లొకటి. ఊరూర అట్టి శాల కట్టలేము. అయినను ఎవరి కిటికీని వారు తమ క్రొత్త గోడలో నిలుపుకొనవచ్చును గదా.

అందులకు కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. మొదటిది కాగితపు సంగతి. స్థలమును కట్టడపుదారునకు ఒప్పగించునపుడు, పాత యింటి కలప తమదేయని ఒప్పందమున వ్రాయించుకొనుడు. వ్రాయని మాట కూల్చినపిమ్మట వివాదమగును. అన్నదమ్ములు పాళ్లు పంచుకొనునపుడును కిటికీలను లెక్కలోనికి తెచ్చుట మంచిది.

రెండవది కొయ్య పరీక్ష. టేకు చేవలో సహజమైన తైలముండుటచే చెదలు దానిని అంతగా తాకవు. చేవలేని పైపొరకు ఆ రక్షణ లేదు. మేకుతో పొడిచి, పుల్లతో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచోట పట్టులేదు. గోడలో పాతిన చట్రపు కొమ్ములను, అడుగు కమ్మిని ముఖ్యముగా చూడవలయును. ఏళ్లతరబడి ఎండి వానకు తడిసి నిలిచిన చట్రము ఇకమీద వంకరపోవుట అరుదు. ఇది పచ్చికొయ్యకు లేని గుణము.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. పాత రంగులలో సీసము కలిసియుండుట సాధారణము. మన దేశమున ఇంటిరంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదని 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరునుండి అమలైనది. అంతకు ముందటి రంగును ఎండుగరుకుకాగితముతో రుద్దరాదు, మంటపెట్టి కాల్చరాదు. ఆ ధూళియు పొగయు పసిపిల్లల మెదడునకు చేటు. ముక్కునకు మంచి ముసుగు కట్టుకొని, తడిపి గీకి, ఆ చెత్తను మూటగట్టి తీసివేయవలయును. ఆ పని జరుగుచోటికి గర్భిణులను, పిల్లలను రానీయరాదు.

నాలుగవది బిగింపు. తాపీపని మొదలిడకమునుపే చట్రమును కొలిచి మేస్త్రీకి చెప్పుడు. గోడ కట్టినపిమ్మట కిటికీని కోసి ఇమిడించిన పాతదనమును పోవును, బలమును పోవును. పైన కాంక్రీటు దిమ్మె బరువు మోయవలయునే గాని చట్రము మోయరాదు. వానకాలమున కొయ్య ఉబ్బునని రెక్కలకు సందు విడువుడు. అవిసెనూనె పట్టించిన చాలును. దోమలకు లోపలివైపు వల చట్రము వేరుగ బిగింపుడు; ఊచలను మాత్రము తీయకుడు.

పుచ్చిన కిటికీని పాతదన్న కారణముచే పూజింపుమని నా అభిప్రాయము కాదు. కాని గట్టిగానున్న కిటికీకి క్రొత్త యింటిలో పని కల్పింపుడు: పడమటి గాలి వచ్చు గోడలోనో, వంటయింటి పొగ పోవు చోటనో. పనిచేయు వస్తువునకే అందము నిలుచును. ఏ కిటికీ ఏ వడ్రంగి చేసెనో, ఏ కొయ్య ఏ సంతనుండి బండిపై వచ్చెనో ఇంటిలో పెద్దలైన మీకే తెలియును. ఇల్లు విప్పకమునుపే ఆ మాట పిల్లలతో చెప్పుడు. చెప్పినచో అది మీ యింటి కిటికీ. చెప్పనిచో వట్టి కొయ్య.