బీరువా కింద సన్‌మైకా ముక్క

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుగా నీ అనుభవాలు పావుగంట చెప్పమని కమిటీ మిత్రులు ఫోన్ చేశారు. ఫ్యాక్టరీల్లో యంత్రాలు నిలబెట్టడం నా పని. దాని గురించి చెబితే భోజనానికి ముందే మీకు నిద్ర వస్తుంది. అందుకని మీ అందరి ఇళ్లలోనూ ఉండే వస్తువు గురించి చెబుతాను. బీరువా. అది నేల మీద సరిగ్గా నిలబడిందా లేదా అన్న సంగతి.

మా అమ్మ ఊళ్లో పాత ఇంట్లోనే ఉంటుంది. నేలంతా కడప బండలు. కడిగిన నీళ్లు గుమ్మం వైపు పారాలని అప్పటి మేస్త్రీలు వాటం ఇచ్చి పరిచారు. ఇన్నేళ్లలో కింద మట్టి అక్కడక్కడ దిగి, ఒక బండ అంచు లేచింది, పక్కది కుంగింది. నాన్నగారు కొన్న ఇనప బీరువా ఆ బండల మీదే ఉంది. తాళం తీస్తే చాలు, తలుపు తనంతట తనే తెరుచుకునేది. అమ్మ సందులో పాత చీర ముక్క మడిచిపెట్టి బిగించేది. "ఇంజనీరువి గదా, దీని సంగతేమిటో చూడరా" అని ఆవిడ అడగడం, "ఈసారి వచ్చినప్పుడు చూస్తాలే అమ్మా" అని నేననడం చాలా ఏళ్లు నడిచింది. మీటరు పొడవులో 0.02 మిల్లీమీటరు తేడా పట్టుకునే లెవెల్‌తో యంత్రాలు సరిచేసేవాణ్ణి నేను. అమ్మ బీరువా దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాను.

రెండేళ్ల కిందట సంక్రాంతికి అందరం చేరాం. మా అక్క మనవడికి నాలుగేళ్లు. రెండు తలుపులూ తెరిచి, పై అరలో ఉన్న డబ్బా కోసం కింది అర మీద కాలు పెట్టి ఎక్కాడు. బీరువా ముందుకు ఒరిగింది. బావగారు ఆ గదిలోనే ఉన్నారు కాబట్టి భుజం అడ్డం పెట్టి ఆపారు. పిల్లాడికి ఏమీ కాలేదు. బావగారి భుజం మూడు నెలలు బాధపెట్టింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు టేపు పట్టుకుని కూర్చున్నాను. బీరువా ఎత్తు 1980 మిల్లీమీటర్లు. ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం 430. ముందు కాళ్లు 10 మిల్లీమీటర్లు పల్లంలో ఉన్నాయి. ఇది మన లెక్కల మాస్టారు చెప్పిన సరూప త్రిభుజాల లెక్కే. కింద 10 ఉన్న తేడా పైకి వెళ్లేసరికి 46 అవుతుంది, అంటే దగ్గర దగ్గర రెండంగుళాలు. బరువు మధ్యబిందువు సుమారు సగం ఎత్తులో ఉందనుకుంటే, అది 23 మిల్లీమీటర్లు ముందుకు జరిగినట్టు. అప్పటికీ ముందు కాళ్లకు చాలా వెనకే ఉంది. ఇన్నేళ్లూ పడకపోవడానికి కారణం అదే. కానీ రెండు తలుపులూ తెరిస్తే వాటి బరువు, అద్దంతో సహా, ముందుకొస్తుంది. దానికి పిల్లాడి బరువు తోడైంది. చెప్పొచ్చేదేమిటంటే, మట్టంగా ఉన్న బీరువా అయినా పిల్లలు ఎక్కితే ఒరగొచ్చు. మట్టం చేయడం ఒక పని, గోడకి బిగించడం ఇంకొక పని. ఒకటి చేసి రెండోది వదిలేయకూడదు.

మన తొమ్మిదో తరగతి గదిలో చివరి బెంచీ గుర్తుందా? రాస్తుంటే కిటకిటలాడేది. మనం నోటుబుక్కు కాగితం మడిచి కాలి కింద పెట్టేవాళ్లం. వారం తిరక్కుండా నలిగిపోయి మళ్లీ ఊగేది. ముక్కాలిపీట ఎందుకు ఊగదో చెప్పండిరా అని మాస్టారు అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. మూడు బిందువుల మీదుగా ఎప్పుడూ ఒక తలం పోతుంది, నాలుగో కాలితోనే తగాదా అని ఆయనే చెప్పారు. కాకపోతే ఊగకపోవడం వేరు, మట్టంగా ఉండడం వేరు. మా బీరువా ఊగేది కాదు. నాలుగు కాళ్లూ ఆనించి నిబ్బరంగా ముందుకు వాలి ఉండేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక ఎలా చేశానో చెబుతాను. ముందు సామాను మొత్తం బయటపెట్టాం. అమ్మకి అదొక పెద్ద పని, పాత ఫొటోలు బయటపడి ఒక పూట అక్కడే గడిచిపోయింది. తర్వాత రసమట్టం, అదే స్పిరిట్ లెవెల్, నిజం చెబుతోందో లేదో చూసుకున్నాను. ఒకచోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట కొసలు మార్చి తిప్పి పెట్టాలి. బుడగ మళ్లీ అక్కడే ఆగితే పనిముట్టు మంచిదే. ఫోనులో కూడా లెవెల్ ఉంటుంది గానీ వెనక కెమెరా ఉబ్బు వల్ల ఫోనే వాలి కూర్చుంటుంది, దాన్ని నమ్మి మోసపోకండి.

నాలుగు కాళ్లలో ఎత్తుగా ఉన్న మూల ఏదో కనిపెట్టి దాన్ని ముట్టుకోకూడదు. మిగతా మూడింటినీ దాని ఎత్తుకి తేవాలి. కింద పెట్టడానికి అట్టముక్క పనికిరాదు, తడికి మెత్తబడుతుంది. కర్రచెక్కకి చెదలు. వడ్రంగి దగ్గర పారేసే సన్‌మైకా ముక్కలు బాగుంటాయి. సాధారణంగా ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు మందం, కాబట్టి ఎన్ని పెడితే అన్ని మిల్లీమీటర్లు. కాలికంటే కొంచెం పెద్దవిగా కోయించి, ఒకదానికొకటి జిగురుతో అంటించాను. పాత సీడీ అయితే 1.2 మిల్లీమీటర్లు, అదీ పనికొస్తుంది. ఎత్తేటప్పుడు ఒకరు గునపంతో మెల్లగా లేపాలి, ఇంకొకరు బీరువా పట్టుకోవాలి. ముక్కని పుల్లతో లోపలికి తొయ్యాలి తప్ప వేళ్లు పెట్టకూడదు. ఎడమ కుడి బుడగ నడిమధ్యకి తెచ్చి, ముందు కాళ్లు మాత్రం వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచాను. సామాను సర్దిన మర్నాడు మళ్లీ చూస్తే ఒక మూల దిగింది, అక్కడ ఇంకొక ముక్క వేశాం.

చివరికి పైభాగాన రెండు ఇనప ఎల్ పట్టీలతో గోడకి బిగించాను. మేకు సిమెంటు పూతలో దిగితే చాలదు, ఇటుకలో దిగాలి. కొత్త బీరువా కొనేవాళ్లు మరలు తిప్పే కాళ్లున్నది కొనండి. వాషింగ్ మెషీన్ కాళ్లలాగే తిప్పి సరిచేసుకోవచ్చు, ఈ ముక్కల గొడవ ఉండదు. నాన్నగారి బీరువాని మార్చడానికి మాత్రం అమ్మ ఒప్పుకోదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు తలుపు ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతోంది. అమ్మ మాత్రం ఆ చీర ముక్క ఇంకా పెడుతూనే ఉంది.

ఒక్క విషయం. పొద్దున త్వరగా వచ్చి మన పాత తరగతి గదులన్నీ తిరిగాను. గ్రంథాలయంలో ఎత్తయిన ఇనప రాక్‌లు ఆరు ఉన్నాయి. రెండు ముందుకు వాలి ఉన్నాయి, ఒక్కటీ గోడకి బిగించి లేదు. ఆరో తరగతి పిల్లలు పై వరస పుస్తకాల కోసం కింది అర ఎక్కుతారని లైబ్రరీ టీచరుగారు చెప్పారు. ప్రధానోపాధ్యాయులవారి అనుమతి తీసుకున్నాను. రసమట్టం, సన్‌మైకా ముక్కలు, పట్టీలు, డ్రిల్లు నా కారులో ఉన్నాయి. భోజనాలయ్యాక ఒక నలుగురు రండి, పుస్తకాలు దింపాలి.