చెప్పుకుంటేనే తీరే బాధ
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. ఇప్పుడు మేము మాట్లాడేది మలబద్ధకం గురించి. నవ్వొస్తే నవ్వండి గానీ, చివరిదాకా వినండి.

మా సంఘం సభ్యురాలి కోడలు ఆరో నెల గర్భిణి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అంటే ప్రతిసారీ ‘ఆ, వేసుకుంటున్నా’ అనేది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, ట్రంకుపెట్టెలోంచి మాత్రల అట్టలు తీసి చూపించింది. మాత్ర మొదలుపెట్టాక విరేచనం గట్టిపడింది, నల్లగా వస్తోంది, భయమేసింది. ఎవరికీ చెప్పలేక మాత్రలే మానేసింది. నెలనెలా వాళ్ల అరుగు మీదే మేము మీటింగు పెట్టుకుంటున్నాం. ఒక్కరోజూ ఈ మాట అడగలేదు. ఆ తప్పు మాదే.

ఐరన్ వల్ల మలం నల్లబడటం మామూలే. గట్టిపడటం కూడా కొందరికి ఉంటుంది. దానికి మందు ఉంది. మాత్ర మానేస్తే మాత్రం తల్లికీ బిడ్డకూ ప్రమాదం. గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక 180 రోజులు ఈ మాత్ర వేసుకోవాలి.

అసలు మలం ఎందుకు గట్టిపడుతుంది? పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటుంది. మలం ఎంతసేపు లోపల ఆగితే అంత గట్టిపడుతుంది. మనం ఏం చేస్తున్నాం? కలుపుకు వెళ్తే చాటు ఉండదని పొద్దుట్నుంచి నీళ్లు తాగం. వచ్చినా సాయంత్రందాకా బిగబట్టుకుంటాం. అందరికీ పెట్టి, కూర అయిపోతే పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటాం. ఇక మందుల షాపుకెళ్లి ‘కడుపు సాఫీకి ఏదైనా ఇవ్వు’ అంటాం.

అన్ని మందులూ ఒకలా పనిచేయవు. ఇసబ్‌గోల్ పొట్టు పీచు. నీటిని పట్టుకుని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. నిండు గ్లాసు నీళ్లతో తాగాలి. నీళ్లు చాలకపోతే అదే లోపల అడ్డుపడుతుంది. లాక్టులోజ్ సిరప్ పేగులోకి నీటిని లాగుతుంది. పని చేయడానికి రెండు రోజులు పట్టొచ్చు, ఒక్క పూటకే పనిచేయలేదని వదిలేయొద్దు. బిసాకోడిల్ మాత్ర, సునాముఖి ఆకు పేగును కదిలించేవి. రాత్రి వేసుకుంటే పొద్దుటికి పనిచేస్తాయి. బిసాకోడిల్‌ను నమలకూడదు, పాలతో వేసుకోకూడదు. ఇలాంటివి ఎప్పుడైనా ఒకసారి వాడేవి, డాక్టరు చెప్పకుండా రోజూ మింగేవి కావు. ‘ఆయుర్వేదం చూర్ణం కదా, ఏం కాదులే’ అనుకునే చూర్ణాల్లో చాలావాటిలో ఈ సునాముఖే ఉంటుంది. డబ్బా మీద చదివించుకోండి.

ఆముదం సంగతి పెద్దమ్మలకు కోపం రాకుండా చెప్పాలి. గర్భిణికి ఆముదం పట్టకూడదు, నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉంది. పసిబిడ్డలకూ పోయొద్దు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ, నెల దాటాక, కొన్ని రోజులు దొడ్డికి వెళ్లకపోయినా, పాలు బాగా తాగుతూ, పొట్ట మెత్తగా ఉంటే అది జబ్బు కాదు. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, పాలు మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్లకైనా కొన్ని గుర్తులుంటే విరేచనాల మందు వేయనే కూడదు. కడుపు ఉబ్బి, తీవ్రమైన నొప్పి, వాంతులు ఉండి, గాలి కూడా పోకపోతే అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, 50 ఏళ్లు దాటాక కొత్తగా ఈ బాధ మొదలైనా ‘మొలలేలే’ అని ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ తక్కువైనా, కొన్ని నొప్పి మాత్రలు, క్యాల్షియం మాత్రలు వాడినా మలబద్ధకం వస్తుంది. అందుకే వాడే మందులన్నీ సంచీలో వేసుకెళ్లి చూపించండి.

ఇంట్లో చేసుకోగలిగినవి మనకు తెలిసినవే. జొన్నరొట్టె, రాగిసంకటి, తోటకూర, గోంగూర, పొట్టు తీయని పెసలు, జామకాయ, బొప్పాయి. గర్భిణులు పచ్చి బొప్పాయి జోలికి పోవద్దు. పనికెళ్లేటప్పుడు మన సీసా మనం నింపుకోవాలి. పొద్దున ఏదైనా తిన్నాక పేగు కదులుతుంది, ఆ వేళ పది నిమిషాలు మన కోసం ఉంచుకోవాలి. వచ్చినప్పుడు ఆపుకోవద్దు.

ఆపుకోవద్దంటే వెళ్లడానికి చోటుండాలి కదా! కొన్ని ఇళ్లలో మరుగుదొడ్డి కట్టుకున్నాం గానీ, అందులో పిడకలు, ఎరువు బస్తాలు పెట్టుకున్నాం. ఇంకొన్నిటికి తలుపు లేదు. గేదెకు అప్పిస్తున్న సంఘం తలుపుకూ అప్పివ్వాలి. ఈ తీర్మానాన్ని ఈరోజు సభ ముందు పెడుతున్నాం.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. డాక్టరమ్మ సిరప్ రాసింది, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించింది. కాన్పు నాటికి హిమోగ్లోబిన్ 10 దాటింది. బిడ్డను ఎత్తుకుని మీలోనే కూర్చుంది. వచ్చే నెల నుంచి ప్రతి సంఘంలో పొదుపు పుస్తకం తెరిచే ముందు ఐదు నిమిషాలు ఒంటి బాగోగులు అడుగుదాం. అడిగితేనే చెప్తారు, చెప్తేనే తీరుతుంది.

సెలవు.