లెక్కలో పట్టణము, పాలనలో పల్లె: పర్సుడీహ్ ఉపాధి సమస్య
(పర్సుడీహ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పెద్దలు బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఈ ప్రాంతమునకు వచ్చినారు. 1927లో అదే రైల్వే కార్మికులు ఖరగపూర్‌లో సమ్మె చేసినపుడు వి.వి. గిరిగారు వారి నాయకులలో ఒకరుగా నిలిచినారు. కార్మికుని జీతమును గూర్చి మాటలాడుట మనకు ఆనాటి నుండి అలవాటు. జీతమే లేని వాని గూర్చి మాత్రము మనము తక్కువగా మాటలాడినాము. నేడు ఆ విషయమునే మీ ముందుంచుచున్నాము.

2020 మే 1వ తేదీన దేశములోని మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు మన తెలుగు నేలపైనున్న లింగంపల్లి నుండి బయలుదేరి ఈ రాష్ట్రములోని హటియాకు చేరినది. సుమారు 1,200 మంది కార్మికులు అందులో వచ్చినారు. ఆ రైలును నడిపినవారు మన సోదరులే. ఆ దినములలో తలుపు తలుపునకు పోయి ఖాతాదారులకు నగదు అందించినవారును మన తపాలా సోదరులే. మనము వారిని ఇల్లు చేర్చితిమి. ఇల్లు చేరినవానికి పని చూపవలసిన బాధ్యత స్థానిక సంస్థలపై పడినది.

రాష్ట్ర ప్రభుత్వము అందుకు రెండు మార్గములు తీసినది. గ్రామములలో 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద ఆ మే నెలలోనే నీటి సంరక్షణకు, తోటల పెంపకమునకు, ఆట స్థలముల నిర్మాణమునకు మూడు పథకములు ప్రారంభించినది. పట్టణములలో ఆగస్టున ముఖ్యమంత్రి శ్రామిక్ యోజన ప్రకటించి, పట్టణ స్థానిక సంస్థల ద్వారా సంవత్సరమునకు 100 రోజుల పని ఇత్తుమన్నది.

ఈ రెంటిలో పర్సుడీహ్ ఎందులోనిది? 2011 జనాభా లెక్కలు దీనిని పట్టణమన్నవి. అయిదు వేలకు తగ్గని జనము, పురుష కార్మికులలో నూటికి 75 మందికి తగ్గక వ్యవసాయేతర వృత్తి, చదరపు కిలోమీటరునకు 400 మందికి తగ్గని సాంద్రత ఉన్నచో లెక్కలవారు పట్టణమనియే వ్రాయుదురు. పాలన మాత్రము గ్రామ పంచాయతీలది. కనుక పట్టణ పథకము ఇక్కడి దినకూలీకి అందలేదు. గ్రామ పథకము అతనికి వర్తించును గాని, చెరువు త్రవ్వుటకు, మామిడి తోట వేయుటకు ఇండ్ల నడుమ భూమి ఎక్కడ? ప్రక్కనున్న జంషెడ్‌పూర్ నగరమున అడుగుదమా యన్నచో, 1912 నుండి ఉక్కు పోయుచున్న ఆ నగరములో స్వాతంత్ర్యానంతరము కూడ ఎన్నికైన పురపాలక సంఘము ఏర్పడలేదు.

అయినను పంచాయతీ చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. ఉపాధి హామీ పనులన్న చెరువులు మాత్రమే కావు. వీధి బాట, మురుగునీటి పారుదల, అంగన్‌వాడీ భవనము, చెట్ల పెంపకము కూడ ఆ జాబితాలో చేరినవే. ఇవన్నియు పర్సుడీహ్‌కు కావలసినవే. కాని అవి గ్రామసభలో తీర్మానమై పంచాయతీ ప్రణాళికలోనికి ఎక్కవలయును. అడుగువాడు లేని సభలో ఆ తీర్మానము పుట్టదు.

ఆ చట్టములో కార్మికుని చేతికి ఒక ఆయుధమున్నది. పని కోరుచు అర్జీ ఇచ్చినవానికి తేదీ వేసిన రసీదు ఇవ్వవలెను. 15 రోజులలో పని చూపనిచో నిరుద్యోగ భృతి చెల్లించవలెను. రసీదు లేనిచో 15 రోజుల లెక్క మొదలే కాదు. ఒకచోట మేము కూలీలతో కలసి పోయినపుడు అర్జీలు పుచ్చుకొని, రసీదు మాటెత్తగానే మరునాడు రమ్మన్నారు. మరునాడు పోయినాము, ఆ మరునాడును పోయినాము. మూడవనాడు రసీదులు వచ్చినవి. చదువు రాని కూలీ మూడు దినముల కూలి పోగొట్టుకొని ఒంటరిగా తిరుగగలడా?

మన లోపమును కూడ చెప్పుకొనవలెను. ఈ రాష్ట్ర ప్రాంతములో 1978 తరువాత పంచాయతీ ఎన్నికలు మరల 2010లో గాని జరుగలేదు. 32 సంవత్సరములు గ్రామసభ అలవాటే తప్పినది. అటుపై 2015లోను, 2022లోను ఎన్నికలు జరిగినను, మన జీతము కేంద్రము నుండి వచ్చుచున్నది గదా, ముఖియాతో మనకేమి పని యని ఊరకున్నాము. మనము పదవీ విరమణ చేసి ఈ వీధులలోనే ఇల్లు కట్టుకొంటిమి. మన పిల్లలలో ఎందరు కాంట్రాక్టరు క్రింద దినకూలికి పోవుచున్నారో మీలో ప్రతి ఒక్కరికి తెలియును.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టమునకు బదులుగా వేరొక చట్టమును ఆమోదించినది. అందు పని దినములు 125 అని వ్రాసినారు. అయితే పూర్వము కూలి ఖర్చంతయు కేంద్రము భరించెడిది. క్రొత్త చట్టము మనవంటి రాష్ట్రములపై నూటికి 40 వంతుల భారము మోపుచున్నది. ఖజానా చిక్కిన ప్రభుత్వము పని కోరువానిని తగ్గించి చూపుటకు ప్రయత్నింపదని ఎవరు చెప్పగలరు? కావున అర్జీలు, రసీదులు మునుపటికంటె ముఖ్యమైనవి.

మిమ్ములను మూడు పనులు కోరుచున్నాము. ప్రతి గ్రామసభకు మన శాఖ నుండి ఇద్దరు తప్పక పోవలెను. వీధి వీధికి పరిచయమున్న తపాలా సోదరులు, పని గంటలు ముగిసిన పిదప, పని లేనివారి జాబితా వ్రాసి సంఘమునకు అందించవలెను. రైల్వే సోదరులు ఆదివారములలో అర్జీలు వ్రాసి ఇచ్చి, రసీదు చేతికి వచ్చువరకు కూలీల వెంట నిలువవలెను.

2020లో ఆ రైలు దిగినవారిలో పని దొరకనివారు మరల అదే పట్టాలపై పరదేశము పోయినారు. వారికి టిక్కెట్టు ఇచ్చినదియు మన చేతులే. ఇకమీదట ఆ చేతులు అర్జీ కూడ వ్రాసి ఇచ్చుగాక.