పెద్ద జబ్బు వచ్చినపుడు ఉద్యోగి ఇల్లు గడిచేదెలా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఒకరికి గుండెజబ్బో, కాన్సరో వచ్చిందంటే మనం ముందు అడిగేది "ఆస్పత్రి ఖర్చు ఎంత?" అని. ప్రభుత్వోద్యోగులకు 2013లో హెల్తు కార్డుల పథకం వచ్చింది. బీద కుటుంబాలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ 2024లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ అయినది. ఇవి ఆస్పత్రికి డబ్బు కడతాయి. మంచిదే. కాని ఐ.పోలవరం నుండి కాకినాడకు ఎన్నిసార్లు తిరగాలి? ఎదుర్లంక వంతెన వచ్చి పంటు బాధ తప్పింది గాని కారు కిరాయి తప్పలేదు గదా! తోడు వెళ్ళినవాడి కూలి పోతుంది. ప్రైవేటు కొలువైతే సెలవులు అయిపోగానే జీతం ఆగుతుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు. జుమా నమాజు తరువాత రుమాలు పరిచి చందా పోగుచేస్తాం. అది ఒక నెల గడుపుతుంది, ఆరు నెలలు గడపదు.

ఈ లోటును గుర్తించినవాడు ఒక వైద్యుడే. 1967లో మొట్టమొదట మనిషికి మనిషి గుండెను అమర్చిన క్రిస్టియాన్ బర్నార్డ్ తమ్ముడు, దక్షిణాఫ్రికా డాక్టరు మారియస్ బర్నార్డ్. తాను బ్రతికించిన రోగులు డబ్బులేక చితికిపోవడం చూసి, 1983లో ఒక బీమా కంపెనీచేత కొత్తరకం పాలసీ పెట్టించాడు. మన దేశంలో క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ అంటున్నది దీనినే. పాలసీలో రాసిన జబ్బు ఉన్నదని తేలితే మొత్తం సొమ్ము ఒకేసారి చేతికిస్తారు. ఐదు లక్షలకు తీసుకుంటే ఐదు లక్షలు. ఆస్పత్రి బిల్లు హెల్తు కార్డు కట్టినా ఇందులో కోత పడదు, దేనికి ఖర్చుపెట్టావని అడగరు. అయితే కార్డు మానేసి దీన్ని తీసుకోమని నేననడంలేదు. రెండూ ఉండాలి.

ఇక మెలికలు. ఏజెంటు వీటిని గబగబా దాటేస్తాడు, మీరు దాటనివ్వకండి. సాధారణంగా మొదటి 90 రోజులలో బయటపడ్డ జబ్బుకు డబ్బు రాదు. చాలా పాలసీలలో జబ్బు తేలిన తరువాత రోగి 30 రోజులు జీవించి ఉండాలి. బైపాసు ఆపరేషనుకు ఇస్తారు గాని, స్టెంటు వేసే యాంజియోప్లాస్టీ ఆ లెక్కలోకి రాదు. మన ఊళ్ళలో ఎక్కువమందికి పడేది స్టెంటే! పక్షవాతమైతే లోపం శాశ్వతమని తేలాలి. షుగరు, బి.పి. ఉంటే ఫారంలో రాయండి. దాస్తే చివరికి దెబ్బతినేది ఇల్లాలూ పిల్లలూను.

ఇందులో వడ్డీ, అనిశ్చితి ఉన్నవని కొందరు పెద్దల సందేహం. తీసిపారేయవలసినది కాదు. 1985లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను కాదని, ఒకరికొకరు సాయపడే సహకార బీమాను సమ్మతించింది. మలేషియాలో 1984లోనే తకాఫుల్ చట్టం వచ్చింది. మనకు ఆ కంపెనీలు దొరకవు. ఫత్వా చెప్పడం నా పని కాదు, మీరు నమ్మిన ఆలిమ్‌ను అడగండి. ఒంటెను కట్టమన్న హదీసు మీకందరికీ తెలిసినదే.

పాలసీ అందిన 30 రోజులలోపు నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉంది. ఆ గడువులోనే చదువుకున్న పిల్లలచేత అంతా చదివించుకోండి. వీలుకానివారు కాగితాలు మన సంఘానికి తెస్తే కూర్చుని చదువుదాం. ఖుదా హాఫిజ్.