కంటికి దూరంగా స్కోపు

మన దగ్గర వేట తుపాకీ ముచ్చటేమిటంటారా? నిజమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు తావు లేదు. వేటకు లైసెన్సులిచ్చే అమెరికాలో మాత్రం తుపాకీకి బిగించి గురి చూసే స్కౌట్ స్కోపు మీద ఇప్పటికీ వాదనలే.

దీన్ని ప్రచారంలోకి తెచ్చింది మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్. తేలికపాటి రైఫిల్‌కు స్కోపును బోల్టు మీద కాకుండా ముందుకు జరిపి బిగించమన్నాడాయన. మామూలు స్కోపు కంటికి మూడు నాలుగు అంగుళాల దూరంలో ఉంటుంది. ఇదైతే తొమ్మిది, పది. రెండు కళ్లూ తెరిచే గురి చూడొచ్చు. పైనుంచి తూటాలు నింపడానికి అడ్డుండదు, తుపాకీ వెనక్కి తన్నినా కనుబొమ్మ చిట్లదు.

ఈ స్కోపు కొనేవాళ్లకు బొమ్మను రెండు, రెండున్నర రెట్లు పెద్దది చేసి చూపిస్తే చాలు. చిక్కంతా వెలుతురుతోనే. సూర్యుడు వీపు వెనక ఉంటే అద్దం తళుక్కుమని బొమ్మ మాయమవుతుంది. మునిమాపు వేళ పందుల కోసం కాపు కాసేవాడికి ఇది దండగ ఖర్చే!

2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు ఈ బాధే లేదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపు నిషిద్ధం, చిన్న రంధ్రంలోంచే గురి చూడాలి.