చుక్క ఛార్జి అప్పగింత
(కర్నూలులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు ఇంతకుముందే వివరంగా చెప్పారు. నాకు కేటాయించిన అంశం వేరు. చెవులు వినిపించని ఒక వీధి కుక్కపిల్లను మా ఇంట్లో ఎనిమిది నెలలు ఉంచుకొని, తరిఫీదు ఇచ్చి, కడపలో ఒక కుటుంబానికి దత్తత ఇచ్చిన సంగతి చెప్పమన్నారు. ముందు వరసలో కొందరు మిత్రులు చెవి మిషన్లు సర్దుకుంటున్నారు. సర్దుకోనక్కరలేదు, ఇందులో చెవితో పని తక్కువ.

2024 మే నెలలో నంద్యాల రోడ్డు మీద వెనక లారీ హారన్ కొడుతున్నా కదలకుండా నిలబడిన పిల్లను మా వీధి కాలేజీ పిల్లలు ఎత్తుకొచ్చారు. "తాతా, పది రోజులు మీ వసారాలో ఉండనీ" అన్నారు. ప్రభుత్వంలో తాత్కాలిక పోస్టుకు పొడిగింపులు ఎట్లా వస్తాయో మీకు తెలియనిది కాదు. ఒళ్ళంతా తెలుపు, నుదుట ఒక్క నల్లచుక్క. అందుకే చుక్క అన్నాము. వినపడని దానికి పేరెందుకని మా ఆవిడ అడిగింది. పేరు మనకోసం లెమ్మన్నాను.

చెవిటిదని తేల్చుకోవడానికి వెనక నిలబడి చప్పట్లు కొడితే చాలదు. గాలి కదిలినా, నీడ పడినా కుక్క తిరుగుతుంది. అది నిద్రపోతున్నప్పుడు పక్కగదిలో స్టీలు పళ్ళెం మీద గరిటె కొట్టాము. వీధిలో కుక్కలన్నీ లేచాయి, చుక్క లేవలేదు. పశువైద్యుడు చెవులు చూసి చీము, పుండు ఏమీ లేవన్నాడు. వెంట్రుకలకు రంగునిచ్చే కణాల వంటివే చెవి లోపలి భాగానికీ అవసరమట. అక్కడ అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. తెల్లకుక్కలన్నీ చెవిటివి కావు గాని, వాటిలో ఈ లోపం ఎక్కువ. మచ్చల డాల్మేషియన్ జాతి ఇందుకు పేరుపడింది.

"యేమప్పా, సూదేసి పంపించేస్తే పోలేదా" అన్న మిత్రుడూ ఉన్నాడు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం చెవిటితనానికి మరణశిక్ష వేయమనలేదు. ఆ చట్టం కోసం రాజ్యసభలో పట్టుబట్టింది రుక్మిణీదేవి అరండేల్. నాట్యంతో ఆమెను ఎరుగుదుము గాని, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇక తరిఫీదు. మొదటి పాఠం కూర్చోవడం కాదు, మన వంక చూడడం. అది తనంతట తాను నా ముఖం చూసినప్పుడల్లా బొటనవేలు పైకెత్తి, వెంటనే ఒక జొన్నరొట్టె ముక్క ఇచ్చేవాణ్ణి. మూడు వారాలకు నేను పేపరు చదువుతున్నా నన్నే చూస్తూ కూర్చునేది. చూడడం వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. అరచెయ్యి పైకి లేపితే కూర్చో. అరచెయ్యి ఎదురుగా పెడితే ఆగు. రెండు చేతులూ గుండెకు లాక్కుంటే రా. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అంటారు గదా, శంఖం పక్కన పెట్టి చెయ్యెత్తితే సరిపోయింది.

అయితే ఇంటిల్లిపాదీ ఒకే సైగ చేయాలి. మా ఆవిడ ఒక రకంగా, మనవడు ఒక రకంగా చేస్తే ఒకే ఫైలు మీద రెండు మెమోలు వచ్చినట్టవుతుంది. సైగలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసి వంటింటి తలుపుకు వేలాడదీశాను.

నేలమీద కాలితో తట్టి పిలవమని పుస్తకాల్లో ఉంటుంది. అవి చెక్కనేలల దేశాల్లో రాసినవి. మన బేతంచర్ల బండల మీద ఎంత తన్నినా మన మడమే నొస్తుంది, కుక్కకు తెలియదు. చీకట్లో టార్చి గోడమీద రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే వచ్చేది, కళ్ళలో మాత్రం వేయకూడదు.

నిద్రలేపడం అన్నిటికన్నా ముఖ్యం. చెవిటి కుక్కను హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు. ముందు ముక్కు దగ్గర చెయ్యి పెట్టాలి, వాసన తెలియనివ్వాలి, తర్వాత భుజం మీద మెల్లగా తాకాలి, కళ్ళు తెరవగానే తినడానికి ఏదైనా ఇవ్వాలి. రోజుకు పదిసార్లు చేశాము. రెండు నెలలకు ఎవరు తాకినా తోక ఊపుతూ లేచేది. రేబిస్ టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సకాలంలో చేయించాము. రోడ్డు మీద గొలుసు ఒక్కసారీ విప్పలేదు. కె.సి. కెనాల్ గట్టున మాత్రం ముప్పై అడుగుల తాడు కట్టి పరుగెత్తనిచ్చేవాణ్ణి.

ఆ దీపావళికి వీధి కుక్కలన్నీ మంచాల కింద, కాలువల్లో దూరాయి. చుక్క వసారాలో హాయిగా నిద్రపోయింది.

అప్పటికి మా ఆవిడ మనసు మారింది. మొదట వంటింటి గడప దాటనివ్వని మనిషి, "ఇది మనింట్లోనే ఉండనీండి" అని పట్టుపట్టింది. నాకూ ఇష్టమే. కాని నాకు డెబ్బై ఆరు, దానికి ఏడాది కూడా లేదు. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్ళు బతుకుతుంది. ఆ లెక్క ఆమె ముందే వేశాను. మా తర్వాత దాన్ని ఎవరు చూస్తారు? మా సైగలు ఎవరికి తెలుస్తాయి? రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "వచ్చేవాళ్ళను నేను చూడకుండా ఇవ్వొద్దు" అంది.

చూసింది. ఒకాయన కాపలా కుక్క కావాలన్నాడు, పంపించేసింది. ఇంకొకరి ఇంటికి ప్రహరీ లేదు. కడప వాళ్ళు మూడోవారు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా సుమారు రెండువందల కిలోమీటర్లు, పిల్లలతో సహా రెండుసార్లు వచ్చి సైగలు నేర్చుకున్నారు. 2025 సంక్రాంతి వెళ్ళాక అప్పగించాము. నోటుబుక్కు, టీకా కార్డు, గొలుసు, దాని పాత దుప్పటి, అన్నీ జాబితా రాసి ఇరువైపులా సంతకాలు పెట్టుకున్నాము. మా ఆవిడ కూడా సాక్షిగా సంతకం చేసింది. ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకొని వసారాలోకి రాలేదు.

హైదరాబాదులో 1992లో అమల అక్కినేని గారు బ్లూ క్రాస్ పెట్టారు. మన జిల్లాల్లో మాత్రం దత్తత అంటే ఇంకా జాతికుక్కకే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నవి మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. అట్లా తిరిగి రాకుండా ఉండాలంటే మధ్యలో కొన్ని నెలలు ఓపికగా నేర్పే ఇల్లొకటి కావాలి. ఉద్యోగాలకు పరుగెత్తే వాళ్ళకు ఆ తీరిక ఉండదు, మనకుంది.

కడప నుంచి మొదట్లో, చుక్క గోడకు వీపు ఆనించి, తలుపు వంకే చూస్తూ పడుకుంటోందని ఫోను వచ్చేది. వినపడని ప్రాణి, ఎవరు వస్తారోనని కాచుకుంటుంది. నెల దాటాక వాళ్ళ అబ్బాయి ఒక ఫోటో పంపాడు. తలుపుకు వీపు పెట్టి, కాళ్ళు చాపి పడుకుంది. మా ఆవిడ ఆ ఫోటో పెద్దది చేయించుకుంది.

ఇప్పుడు ఆ కాలేజీ పిల్లలు ఇంకో మూడు పిల్లల్ని తెచ్చిపెట్టారు. ఇవి శుభ్రంగా వింటాయి, మాట మాత్రం వినవు. ఒకటి మా ఇంట్లో ఉంది. మిగతా రెండింటికి ఎవరింట్లోనైనా వసారా, ప్రహరీ ఉంటే భోజనాల దగ్గర నాతో చెప్పండి. నోటుబుక్కు నకళ్ళు తీయించి తెచ్చాను.